డిస్కులో చిత్రము ఏల నిలిచిపోవును? – బఫరు, బిట్‌రేటులను గూర్చిన యొక పాఠము



పెండ్లిండ్లు, గృహప్రవేశములు, పాఠశాల వార్షికోత్సవములు మొదలగు కార్యములను వీడియో తీయించి, డిస్కులపై నెక్కించి దాచుకొనుట మన యిండ్లలో ఇరువది యేండ్లకు పైబడిన వాడుక. చేతిఫోనులును పెన్‌డ్రైవులును వచ్చిన పిదప డిస్కుల వాడుక చాల తగ్గినది. అయినను పెక్కు కుటుంబములలో తాతగారి మాట, నాయనమ్మ నవ్వు, అక్కపెండ్లి, ఇవన్నియు నేటికిని బీరువాలోని యొక పెట్టెలో డిస్కులయందే యున్నవి. పాత టేపులను డిస్కులకు మార్చుటయు, అరిగిన డిస్కులకు ప్రతులు తీయుటయు ఇప్పుడు కంప్యూటరు తెలిసిన పిల్లల చేతికే వచ్చుచున్నవి. కావున ఆ పనియందలి యొక ముఖ్యమైన సూత్రము మీరు తెలిసికొనుట మంచిది.

ఈ పనిలో తఱచుగా నొక విచిత్రమైన లోపము కనబడును. కంప్యూటరుపై నిర్విఘ్నముగా నడచిన డిస్కు, టెలివిజను ప్రక్కనున్న ప్లేయరులో పెట్టగా, కొంతవఱకు చక్కగా నడచి, సరిగా తలంబ్రాలు పోయు సమయమునకు తటాలున ఆగిపోవును. లేదా చిత్రము గళ్లుగళ్లుగా చెదరును. ధ్వని ముందునకు పోయి చిత్రము వెనుకబడును. ఆ ఘట్టము దాటిన తరువాత మఱల సరిగా నడచును. చూచువారు డిస్కు చెడినదనియో ప్లేయరు పాతబడినదనియో తలంతురు. డిస్కుపై గీతలున్నచో నట్లు జరుగుట కలదు. కాని గీత యొక్కటియు లేని క్రొత్తడిస్కు, రెండు మూడు ప్లేయర్లలో ఒక్కచోటనే నిలిచినచో, లోపము వీడియోను కుదించునప్పుడు వేసిన లెక్కలో నున్నదని యనుమానింపవలెను. ఆ లెక్కయే నేటి పాఠము. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము వచ్చిన వారికి ఇందు తెలియని గణితమేమియు లేదు.

1. చిత్రమును కుదించుట యేల?

వీడియో యనగా ఒకదాని వెంట నొకటి వేగముగా చూపబడు నిశ్చలచిత్రముల వరుస. ఒక్కొక్క నిశ్చలచిత్రమునకు ఫ్రేమని పేరు. మనదేశములోని టెలివిజను పాల్ అను పద్ధతి ననుసరించినది గనుక, ఇచ్చటి డి.వి.డి.లలో సెకండునకు 25 ఫ్రేములు చూపబడును. ఒక ఫ్రేములో అడ్డముగా 720, నిలువుగా 576, వెరసి 4,14,720 చుక్కలు గలవు. కన్ను వెలుగునీడలను గుర్తించినంత సూక్ష్మముగా రంగులను గుర్తింపలేదు గనుక రంగుల వివరమును ముందే కొంత తగ్గింతురు. అట్లు తగ్గించిన పిదపగూడ చుక్క యొక్కంటికి సగటున 12 బిట్లు కావలెను. బిట్టనగా సున్నయో ఒకటియో యగు ఒక గుర్తు. కావున ఒక ఫ్రేమునకు 49,76,640 బిట్లు. సెకండునకు 12,44,16,000 బిట్లు.

డి.వి.డి. యందు చిత్రమునకు సెకండునకు 98,00,000 బిట్లకు మించి ఇయ్యరాదని నియమము. అనగా పండ్రెండుకోట్ల పైచిలుకు సంఖ్యను పదుమూడవ వంతునకైనను కుదింపవలెను. ఈ కుదించు పనిని చేయు యంత్రమునకు గాని ప్రోగ్రామునకు గాని ఎన్‌కోడరని పేరు. కుదించినదానిని విప్పి మఱల చిత్రముగా చేయునది డీకోడరు. ఇది ప్లేయరులో నుండును. సెకండునకు ఎన్ని బిట్లు వ్యయమగుచున్నవో ఆ సంఖ్యయే బిట్‌రేటు.

ఇట్లు కుదించుటకు నియమములను 1988లో నేర్పడిన ఎంపెగ్ అను అంతర్జాతీయ నిపుణుల బృందము సిద్ధపఱచినది. ఎంపెగ్-1 అను వారి మొదటి పద్ధతిపై 1993లో వి.సి.డి. యేర్పడినది. ఎంపెగ్-2 అను రెండవ పద్ధతిపై డి.వి.డి. యేర్పడి 1996లో జపానులో మొదట అమ్మకమునకు వచ్చినది.

వారి యుపాయములలో ముఖ్యమైనది యిది. వరుస ఫ్రేములలో మార్పు స్వల్పము. పెండ్లిపందిరిలో పురోహితుని చేయి కదలును గాని వెనుకనున్న అరటిచెట్టు కదలదు. కావున ప్రతి ఫ్రేమును మొదటినుండి వ్రాయక, మూడు విధములుగా వ్రాయుదురు. మొదటిది ఐ-ఫ్రేము, ఇది దేనిపైనను ఆధారపడక సంపూర్ణముగా వ్రాయబడును, కావున బరువైనది. రెండవది పి-ఫ్రేము, ఇది ముందటి ఫ్రేమునకును దీనికిని గల భేదమునే తెలుపును. మూడవది బి-ఫ్రేము, ఇది ముందువెనుకల రెండింటి సహాయమున వ్రాయబడును గనుక మిక్కిలి తేలికైనది. పాల్ డి.వి.డి.లో ప్రతి 15 ఫ్రేములలోపల ఒక ఐ-ఫ్రేము తప్పక రావలెను.

ఇందు గమనింపదగినది యేమనగా, ఫ్రేములన్నియు సమానమైన బరువు గలవి కావు. ఒకటి ఆఱులక్షల బిట్లున్నచో, దాని ప్రక్కది లక్షయే యుండవచ్చును. కాని వానిని చూపు కాలము మాత్రము సమానము: ఒక్కొక్కటికి సెకండులో ఇరువదియైదవ వంతు. ఎక్కువతక్కువల సామానును సమానమైన వ్యవధులలో అందించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమే బఫరు.

2. కుళాయియు, తొట్టియు, పాత్రలును

బఫరనగా నిలువచేయు చోటు. వసతిగృహములోని నీళ్లతొట్టితో దీనిని పోల్చి చూడుడు. తొట్టికి ఒక కుళాయి కలదు. దానినుండి నీరు ఇంతకు మించి వేగముగా రాదు. నిమిషమునకొకసారి గంట మ్రోగును. మ్రోగిన ప్రతిసారియు వరుసలోని విద్యార్థి యొకడు వచ్చి తన పాత్రను ఒక్కమాఱుగా తొట్టిలో ముంచి తీసికొని పోవును. ఒకనిది చెంబు, ఒకనిది బిందె, ఒకనిది గంగాళము. గంట మ్రోగినప్పుడు పాత్ర నిండుటకు చాలినంత నీరు తొట్టిలో ఉండవలెను. లేనిచో వరుస ఆగిపోవును.

ఈ యుపమానములో కుళాయి యనగా డిస్కునుండి బిట్లు వచ్చు మార్గము. తొట్టి డీకోడరు ముందున్న బఫరు. గంట సెకండునకు 25 మాఱులు మ్రోగును. చెంబు బి-ఫ్రేము, బిందె పి-ఫ్రేము, గంగాళము ఐ-ఫ్రేము. గంట మ్రోగునప్పటికి కావలసిన ఫ్రేము సంపూర్ణముగా తొట్టిలోనికి వచ్చియుండనిచో డీకోడరు చూపుటకేమియు లేక నిలుచును. తెఱపై చిత్రము ఆగుటకును చెదరుటకును కారణ మిదియే. దీనిని తొట్టి యెండుట యందము.

వ్యతిరేకమైన దోషము గూడ కలదు. వి.సి.డి.లో కుళాయి కట్టబడదు. ఎల్లవేళల ఒకే వేగముతో ప్రవహించును. వరుసగా చెంబులే వచ్చినచో తొట్టి నిండి పొరలును. పొరలిన బిట్లు పోయినవే. అట్టి సమయమున ఎన్‌కోడరు అర్థములేని నింపుడుబిట్లను గలిపి పాత్రలను పెద్దవి చేయును. డి.వి.డి.లో బిట్‌రేటు మారుచుండుటకు అనుమతి కలదు గనుక తొట్టి నిండినప్పుడు కుళాయి ఆగును. కావున డి.వి.డి. చేయువారు ముఖ్యముగా భయపడవలసినది ఎండుటకే.

ఈ తొట్టియొక్క కొలత ప్లేయరును చేయువాని యిష్టమునకు విడువబడలేదు. కుదించువాడును విప్పువాడును ఒకరినొకరు చూడరు. ఒకడు రాజమహేంద్రవరములో వ్రాసిన డిస్కును మఱియొకడు దుబాయిలో చూచును. కావున ఇద్దఱకును సమ్మతమైన యొక ఊహాతొట్టిని ఎంపెగ్ వారు నిర్ణయించిరి. దీనికి వీడియో బఫరింగ్ వెరిఫయర్ అని పేరు, క్లుప్తముగా వి.బి.వి. యందురు. ఎన్‌కోడరు తాను వ్రాయుచున్నంతసేపును ఈ ఊహాతొట్టిలో నీటిమట్టమును లెక్కించుచుండవలెను. అది ఒక్క గంటకైనను ఎండకుండ వ్రాసినచో, నియమబద్ధమైన ప్లేయరు ఏ దేశమున జేయబడినదైనను ఆ డిస్కును ఆడింపగలదు. ఇది రెండు పక్షములవారి నడుమ నొక ఒడంబడిక.

3. తొట్ల కొలతలు

వి.సి.డి.లో చిత్రపు బిట్‌రేటు 11,50,000. తొట్టి 3,27,680 బిట్లు. డి.వి.డి.లో చిత్రపు గరిష్ఠ బిట్‌రేటు 98,00,000. తొట్టి 18,35,008 బిట్లు. ఈ రెండు తొట్లను 16,384 బిట్లు గల ఘటకములుగా కొలుతురు. మొదటిదానిలో 20 ఘటకములు, రెండవదానిలో 112 ఘటకములు గలవు. గుణించి చూచుకొనుడు.

డి.వి.డి. తొట్టి పెద్దదని మోసపోవలదు. కుళాయి పూర్తివేగముతో వచ్చినచో అది నిండుటకు పట్టు కాలము 18,35,008ని 98,00,000 చే భాగింపగా వచ్చు 0.187 సెకండు మాత్రమే. అనగా సెకండులో అయిదవవంతుకంటెను తక్కువ. మూడుగంటల పెండ్లియంతయు ఇంత చిన్న తొట్టి గుండనే సాగిపోవలెను.

4. సరాసరి చేయు మోసము

ఇప్పుడు అసలు లోపమునకు వత్తము. క్రొత్తగా పని నేర్చినవాడు, "నేను సరాసరి సెకండునకు 50 లక్షల బిట్లే వాడితిని, డి.వి.డి. హద్దు 98 లక్షలు. నా డిస్కు ఏల నిలువవలెను?" అని అడుగును. అతని డిస్కులో ఒక్క నిమిషమును పరీక్షింతము.

ఆ నిమిషములో 59 సెకండులు వధూవరులు పీటలపై కూర్చుండి యున్నారు. అట్టి నిశ్చలమైన చిత్రమునకు సెకండునకు 48 లక్షల బిట్లు ధారాళముగా చాలును. మిగిలిన యొక్క సెకండులో తలంబ్రాలు పోసిరి. వేలకొలది బియ్యపుగింజలు, ఒక్కొక్కటి యొక్కొక్క దిక్కునకు, ముందటి ఫ్రేములో లేని చోట్లకు ఎగురును. ముందటి ఫ్రేమునుండి ఊహించుటకు ఎన్‌కోడరునకు ఏ యాధారమును దొరకదు. వాన, బాణసంచా, అలలు, చప్పట్లు కొట్టు జనసమూహము, కోలాటపు రంగుకోలలు, ఇవియు నిట్టివే. హద్దు చెప్పబడని ఎన్‌కోడరు ఆ సెకండునకు కోటి యేబదిలక్షల బిట్లు వ్యయము చేసినదనుకొందము. నిమిషపు సరాసరి యెంత? 59ని 48 లక్షలచే గుణించి, 150 లక్షలు కూడి, 60చే భాగింపగా, 49 లక్షల 70 వేలు. సరాసరి ఏబదిలక్షలు దాటనేలేదు! లెక్కపుస్తకములో దోషమేమియు కనబడదు.

తొట్టి యేమనునో చూతము. ఆ సెకండులోని ఫ్రేములు ఒక్కొక్కటి 6,00,000 బిట్లు. కుళాయి పూర్తివేగమున వచ్చినను ఒక గంటకును మఱుగంటకును నడుమ వచ్చునవి 98,00,000లో ఇరువదియైదవ వంతు, అనగా 3,92,000 బిట్లు. గంటకు 2,08,000 బిట్లు తఱుగు. తొట్టి నిండుగా నున్నప్పుడే తలంబ్రాలు మొదలైనవని యనుకొనుడు.

మొదటి ఫ్రేమునకు ముందు మట్టము 18,35,008.
రెండవదానికి ముందు 16,27,008.
మూడవదానికి ముందు 14,19,008.
నాల్గవదానికి ముందు 12,11,008.
అయిదవదానికి ముందు 10,03,008.
ఆఱవదానికి ముందు 7,95,008.
ఏడవదానికి ముందు 5,87,008.

ఏడవ ఫ్రేమునకు కావలసినవి 6,00,000. ఉన్నవి 5,87,008. పండ్రెండువేల తొమ్మిదివందల తొంబదిరెండు బిట్లు తక్కువ పడినవి. తలంబ్రాలు మొదలై సెకండులో నాల్గవవంతు గడవకమునుపే తొట్టి యెండినది, చిత్రము నిలిచినది.

కావున సరాసరి యనునది డిస్కులో చోటు చాలునా యను ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పును. ప్లేయరు ఆడించునా యను ప్రశ్నకు సమాధానము చెప్పునది గరిష్ఠ బిట్‌రేటును తొట్టిలెక్కయును. నెలజీతము చాలినను, పదియవ తేదీన చేతిలో రొక్కము లేనివాడు ఆనాడు బియ్యము కొనలేడు గదా!

తొట్టికొలత సరిగా చెప్పబడినచో ఎన్‌కోడరు అదే తలంబ్రాలను వేఱువిధముగా వ్రాయును. గింజలయందలి సూక్ష్మవివరమును కొంత విడిచి, ఫ్రేముల బరువును నాలుగులక్షల లోపలికి దించును. చిత్రము ఒక్క సెకండు కొంచెము మసకబారును, కాని ఆగదు. రెండుమాఱులు చదివి కుదించు పద్ధతిలో, ఎన్‌కోడరు మొదటిమాఱు కష్టమైన ఘట్టములెచ్చట నున్నవో గుర్తించుకొనును. రెండవమాఱు వానికి ముందుగానే తొట్టిని నింపియుంచుకొని, మసకను మఱింత తగ్గించును. సావకాశమున్నవారు ఈ రెండుమాఱుల పద్ధతినే యవలంబింపవలెను.

5. చోటు లెక్క

సరాసరి బిట్‌రేటును నిర్ణయించునది డిస్కుయొక్క విశాలత. ఒక పొరగల డి.వి.డి.లో 470 కోట్ల బైట్లు పట్టును. బైటునకు 8 బిట్లు గనుక 3,760 కోట్ల బిట్లు. కార్యక్రమము రెండుగంటలు, అనగా 7,200 సెకండులైనచో, సెకండునకు 52,22,222 బిట్లు. ఇందులో ధ్వనికి 1,92,000 తీసివేయగా 50,30,222. మూటలు కట్టుటకును సూచికలకును నూటికి నాలుగు చొప్పున విడిచినచో చిత్రమునకు సుమారు 48 లక్షలు మిగులును. ఇదే సరాసరిగా పెట్టదగిన సంఖ్య.

కార్యక్రమము ఒకగంటయే యైనచో, 3,600చే భాగింపగా 1,04,44,444 వచ్చును. చోటున్నదిగదా యని ఇంతయు వాడరాదు. ఇది హద్దును దాటినది. చోటు మిగిలినను హద్దులోపలనే యుండవలెను. ఇంటిలో వ్రాసిన డిస్కులను, ముఖ్యముగా చెఱిపి వ్రాయదగిన జాతివానిని, అచ్చు డిస్కులంత సులభముగా పాతప్లేయర్లు చదువలేవు. వాని యుపరితలము వెలుగును తక్కువగా ప్రతిఫలించుటయే యిందుకు కారణము. తప్పుచదివి మఱల చదువుటలో కాలము పోవును. కావున ఇంటిడిస్కులకు గరిష్ఠమును 80 లేక 85 లక్షలకు మించనీయకుండుట అనుభవజ్ఞుల యలవాటు.

6. ధ్వనియు భాగస్థుడే

చిత్రమునకు 98 లక్షలు హద్దని చెప్పితిమి. చిత్రము, ధ్వని, వ్రాతపంక్తులు, మూటల తలకట్టులు అన్నియు గలిపి సెకండునకు 1,00,80,000 బిట్లకు మించరాదని వేఱొక నియమము కలదు. ఈ రెండవ నియమమును మఱచినవారు పలువురు.

ధ్వనిని కుదింపక సెకండునకు 48,000 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, రెండు చెవులకు రెండు మార్గములు చొప్పున వ్రాసినచో 15,36,000 బిట్లగును. చిత్రపు 98,00,000కు దీనిని గూడగా 1,13,36,000. హద్దు మించినది. అదే ధ్వనిని డాల్బీ పద్ధతిలో 1,92,000కు కుదించినచో మొత్తము 99,92,000. మిగిలినవి 88,000 మాత్రమే. ప్రతి 2,048 బైట్ల మూటకును తలకట్టు వ్యయము గలదు గనుక అవియు చాలవు. కావుననే వివేకవంతులు చిత్రపు గరిష్ఠమును 90 లక్షలకు పైన నుంచరు.

వి.సి.డి. నిర్మించినవారు ఈ లెక్కనే యెంత పొదుపుగా వేసిరో చూడుడు. ఆ డిస్కు సెకండునకు 75 మూటలు, మూటకు 2,324 బైట్లు అందించును. అనగా 13,94,400 బిట్లు. చిత్రమునకు 11,50,000, ధ్వనికి 2,24,000, వెరసి 13,74,000. తలకట్టులకు మిగిలినవి ఇరువదివేల నాలుగువందలు. గడియారపు పెట్టెలో చక్రములవలె ఒకదానిప్రక్క నొకటి యమర్చబడినవి. కావున వి.సి.డి. సంఖ్యలను మనయిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు.

7. ఎన్‌కోడరునకు ఏమి చెప్పవలెను?

ఎన్‌కోడరునకు మూడు సంఖ్యలు చెప్పవలెను: సరాసరి బిట్‌రేటు, గరిష్ఠ బిట్‌రేటు, బఫరు పరిమాణము. ఉచితముగా దొరకు ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అను ప్రోగ్రాములో పాల్ డి.వి.డి. లక్ష్యమని చెప్పినచో అదియే సరాసరిని 60,00,000 గాను, గరిష్ఠమును 90,00,000 గాను, బఫరును 18,35,008 గాను, మొత్తపు హద్దును 1,00,80,000 గాను పెట్టుకొనును. మన చోటులెక్క ననుసరించి సరాసరిని మాత్రము మార్చుకొనిన చాలును.

ఈ సంఖ్యలను చేతితో వ్రాయువారు ప్రమాణముల విషయమున మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. అదే తొట్టిని కొందఱు 18,35,008 బిట్లనియు, కొందఱు 1,835 కిలోబిట్లనియు, కొందఱు 224 కిలోబైట్లనియు వ్రాయుదురు. మూడును ఒక్కటియే. కిలోబైటులో 1,024 బైట్లు, బైటులో 8 బిట్లు గలవని జ్ఞాపకముంచుకొని గుణింపుడు. కిలోబిట్లడిగిన చోట 224 వ్రాసినచో తొట్టి ఎనిమిదవ వంతునకు తగ్గిపోవును. ఐ-ఫ్రేములకు చోటు చాలక చిత్రమంతయు మసకబారును. కిలోబైట్లడిగిన చోట 1,835 వ్రాసినచో తొట్టి ఎనిమిదిరెట్లని ఎన్‌కోడరు భ్రమపడును. లేనినీటిని నమ్మి గంగాళములను వరుసగా పంపును.

ఈ రెండు తప్పులకును భేదము గలదు. తొట్టిని చిన్నదిగా చెప్పినచో అందము చెడును గాని డిస్కు ఆడును. తప్పు కంటికి కనబడును గనుక దిద్దుకొనవచ్చును. తొట్టిని పెద్దదిగా చెప్పినచో కంప్యూటరుపై చిత్రము మిక్కిలి యందముగా కనబడును. తప్పు దాగియుండి, డిస్కు ఊరుచేరిన తరువాత బయటపడును. దాగియున్న తప్పే ప్రమాదకరము.

8. బ్లూరే డిస్కు

2006లో అమ్మకమునకు వచ్చిన బ్లూరే డిస్కుకును సూత్రమిదియే. సంఖ్యలు మాత్రము పెద్దవి. ఇందు వాడబడు పద్ధతులలో ముఖ్యమైనది హెచ్.264. చిత్రపు గరిష్ఠము సెకండునకు 4 కోట్ల బిట్లు. తొట్టి 3 కోట్ల బిట్లు. అది ముప్పాతిక సెకండులో నిండును.

ఇచ్చట నొక పొరపాటునకు తావున్నది. హెచ్.264లో శక్తినిబట్టి తరగతులు గలవు. బ్లూరేకు చెల్లు పైతరగతి 4.1. హై ప్రొఫైలు అను విభాగమున ఆ తరగతికి 6 కోట్ల 25 లక్షల బిట్‌రేటును, 7 కోట్ల 81 లక్షల 25 వేల బిట్ల తొట్టియు సమ్మతము. కాని డిస్కు నియమము అంతకంటె తక్కువ. కావున 4.1 అని చీటి యంటించినంత మాత్రమున డిస్కు నియమము నెఱవేఱదు. ఎంపెగ్-2లో గూడ నిట్లే: డి.వి.డి. వాడు మెయిన్ లెవెల్ అను తరగతి కోటి యేబదిలక్షలవఱకు ఒప్పుకొనును, డి.వి.డి. మాత్రము 98 లక్షలకే యాపును. రెండు చట్టములు వర్తించినచోట కఠినమైనదానినే పాటింపవలెను.

9. కంప్యూటరు సాక్ష్యము చాలదు

కంప్యూటరునకు కోట్లకొలది బైట్ల జ్ఞాపకశాలయు, వేగముగా చదువు డ్రైవును గలవు. అది తొట్టి గాదు, చెఱువు. అందు ఎంత గంగాళమైనను మునుగును. కావున కంప్యూటరుపై ఆడుట డిస్కు మంచిదనుటకు సాక్ష్యము కాజాలదు. పరీక్ష ఈ విధముగా చేయవలెను.

మొదట, చెఱిపి వ్రాయదగిన డిస్కుపై ఒక ప్రతి తీసి, అందుబాటులోనున్న ప్లేయర్లలో మిక్కిలి పాతదానిలో నాడింపుడు. అందులో ఆడినది మిగిలిన వానిలోను ఆడునను ఆశకు తావున్నది. రెండవది, మొదటి అయిదునిమిషములు చూచి సంతృప్తి పడవలదు. మొదట కనబడునవి సాధారణముగా కదలని పేరులును, దేవుని పటములును, పూలమాలలును. తలంబ్రాలు, బాణసంచా, బ్యాండుమేళము, పిల్లల డ్రిల్లు, ఈ ఘట్టములను వెదకి చూడుడు. మూడవది, చిత్రము నిలిచిన చోటు ప్రతిమాఱును ఒక్కటియే యైనచో తొట్టిలెక్కను సరిచూడుడు. చోటు మాఱుచున్నచో డిస్కునందలి మలినమును, వ్రాసిన వేగమును అనుమానింపుడు.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. పరీక్ష ముగియువఱకు మూలటేపును గాని మూలఫైలును గాని చెఱుపవలదు. కుదించుటలో విడిచిన వివరము మఱల రాదు. డిస్కు తప్పుగా వ్రాయబడినచో మూలమునుండి మఱల వ్రాసికొనవచ్చును. మూలము పోయినచో ఏ లెక్కయు దానిని తిరిగి తేలేదు. తలిదండ్రులకు గూడ మా మనవి యిదియే: డిస్కు చేతికి వచ్చినదని టేపును పాఱవేయకుడు, మీ ప్లేయరులో తుదవఱకు చూచిన పిదపనే ఆలోచింపుడు.

ముగింపు

ఇంత లెక్కయు ఎవరికొఱకు? డిస్కు చూచు అవ్వకు బఫరనిన నేమో తెలియదు. తెలియవలసిన యవసరమును లేదు. మనుమరాలి పెండ్లిలో తలంబ్రాలు చూడవలెనని ఆమె కోరిక. ఆ సెకండు ఆమె కన్నులముందు ఆగక సాగుటకు కావలసిన లెక్క, డిస్కును వ్రాసినవాడు ముందుగనే వేసియుండవలెను. పరోక్షముననున్న వాని తొట్టికొలతను దృష్టియందుంచుకొని, దానికి మించిన బరువును పంపకుండుట ఈ విద్యయొక్క సారము. ఇది యంత్రముల విషయమున నెంత సత్యమో, ఉపాధ్యాయుడు పిల్లలకు పాఠము చెప్పుటయందును అంత సత్యము.

అభ్యాసము

1. తొంబది నిమిషముల కార్యక్రమమును 470 కోట్ల బైట్ల డిస్కుపై నెక్కింపవలెను. ధ్వనికి 1,92,000 బిట్లు తీసి, మిగిలినదానిలో నూటికి నాలుగు విడిచినచో చిత్రమునకు సరాసరి యెంత?

2. గరిష్ఠ బిట్‌రేటు 80,00,000. నిండు డి.వి.డి. తొట్టితో మొదలిడి, వరుసగా 5,00,000 బిట్ల ఫ్రేములు వచ్చినచో ఎన్నవ ఫ్రేమునకు చిత్రము నిలుచును?

3. వి.సి.డి. తొట్టి ఒక ఫ్రేము తీయుటకు ముందు సరిగా సగము నిండియున్నది. ఆపై ఫ్రేములన్నియు 40,000 బిట్లవే, నింపుడుబిట్లు లేవు. ఎన్ని ఫ్రేములు తీసిన పిదప తొట్టి పొరలును?

జవాబులు: 1. సుమారు 65 లక్షలు. 2. తొమ్మిదవ ఫ్రేమునకు. 3. ఇరువదియెనిమిదవ ఫ్రేము తీసిన పిదప, మఱుసటి గంటలోపల.